30 ఏళ్ల ఇంటిని 'మోడ్రన్'గా మార్చాలా? రెండుసార్లు గోడలు కొట్టించిన అనుభవంతో

మీ ప్రశ్న ఇదీ: ఇల్లు కట్టి 30 ఏళ్లు దాటింది, గట్టిగానే ఉంది కానీ పాతగా కనిపిస్తోంది. హాలుకీ వంటింటికీ మధ్య గోడ తీసేసి మోడ్రన్‌గా చేయిద్దామని ఇంట్లో అంటున్నారు. అంత శ్రమ, అంత ఖర్చు పెట్టుకోవడం సబబేనా?

"పాతగా కనిపిస్తోంది" అన్నదొక్కటే కారణమైతే ఇప్పుడే వద్దండి. గోడలకి రంగులు వేయించి, లైట్లు మార్చి, వాడని సామాను బయటపడేసి ఓ ఆరు నెలలు చూడండి. అప్పటికీ ఇబ్బందిగానే ఉంటే, కనీసం ఆ ఇబ్బంది ఏమిటో మీకే స్పష్టంగా తెలుస్తుంది. మేం అలా ఆగలేదు. అందుకే ఏడేళ్లలో ఒకే ఇంటిని రెండుసార్లు తవ్వుకోవాల్సి వచ్చింది.

మొదటిసారి మమ్మల్ని ఆ పనిలోకి దింపినవి ఫొటోలు. నేనూ మా ఆయనా రాత్రిళ్లు ఫోన్లో ఇళ్ల ఫొటోలు చూసుకుంటూ కూర్చునేవాళ్లం. తెల్లటి గోడలు, ఒక్క డబ్బా కూడా పైన కనిపించని వంటగట్టు, హాల్లోంచి వంటింటి దాకా అడ్డమే లేని చూపు. ఆ ఫొటోల్లో చెత్తబుట్ట ఉండదని, తడి తువ్వాలు ఉండదని, ప్లగ్గుకి వేలాడే చార్జరు ఉండదని అప్పుడు తట్టలేదు. గోడ తీయించాం, ఫాల్స్ సీలింగ్ పెట్టించాం, బాత్రూంలో అద్దంలా మెరిసే టైల్స్ వేయించాం. వచ్చినవాళ్లందరూ మెచ్చుకున్నారు. నెల రోజులు మేమూ మురిసిపోయాం.

తర్వాత మొదలైంది. వంటింట్లో మిక్సీ తిప్పితే హాల్లో మా పాప ఆన్‌లైన్ క్లాసు వినపడదు. పాపకి క్లాసుంటే నేను వంట ఆపాలి. వంట పొగ, వాసన సోఫా గుడ్డల్లోకి ఎక్కి కూర్చునేవి. పైగా ఆ గోడకి రెండువైపులా ఉన్న అల్మారాలు కూడా గోడతోపాటే పోయాయని, సామాను తిరిగి సర్దేటప్పుడు గానీ గుర్తు రాలేదు. నునుపు టైల్స్, ఉత్త గోడలు ఉన్న పెద్ద గదిలో శబ్దాన్ని పీల్చుకునేది ఏదీ ఉండదు. చెంచా కింద పడినా ఇల్లంతా మోగుతుంది. ఫొటోలో శబ్దం వినపడదు కదా!

మోడ్రన్ అంటే గోడలు లేకపోవడమే అన్న అభిప్రాయం ఎక్కడిదా అని తర్వాత నేను కాస్త చదివాను. 1914లో లె కార్బూజియే అనే ఆర్కిటెక్ట్ 'డొమ్-ఇనో' అని ఒక నమూనా గీశాడు. కాంక్రీటు స్లాబులు, వాటిని మోసే స్తంభాలు, ఒక మెట్ల వరస, అంతే. బరువంతా స్తంభాలే మోస్తే గోడలకి మోసే పని ఉండదు, వాటిని ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు, వద్దంటే తీసేయొచ్చు. ఈరోజు మనం ఓపెన్ ప్లాన్ అంటున్నదాని మూలాల్లో ఇదొకటి. అయితే 1926లో జర్మనీలో మార్గరెటె షూట్టె-లిహోట్‌స్కీ అనే ఆర్కిటెక్ట్ తయారుచేసిన ఫ్రాంక్‌ఫర్ట్ వంటిల్లు కూడా మోడ్రన్ డిజైనే. అదేమో సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవున్న చిన్న విడిగది. వంట చేసే మనిషికి అడుగులు తగ్గాలి, పని తేలిక కావాలి అన్నది దాని లెక్క. అలాంటివి దాదాపు 10,000 ఇళ్లలో బిగించారు. 1937లో అమెరికాలో పూర్తయిన జేకబ్స్ ఇంట్లో ఫ్రాంక్ లాయిడ్ రైట్ అనే ఆర్కిటెక్ట్ వంటింటిని భోజనాల చోటువైపు తెరిచి పెట్టాడు. అదీ మోడ్రనే! గోడ ఉందా లేదా అన్నది కాదు, ఆ ఇంట్లో ఉండేవాళ్ల రోజు ఎలా గడుస్తుందో ముందు చూశారా లేదా అన్నదే అసలు సంగతి అని నాకు అప్పుడు అర్థమైంది. (చూడకపోతే ఏమవుతుందో కూడా చరిత్రలో ఉంది. 1931లో పూర్తయిన విల్లా సవోయ్ ప్రపంచంలో పేరున్న మోడ్రన్ ఇళ్లలో ఒకటి. వానొస్తే ఇల్లు కారుతోందని ఆ ఇంటావిడ, దాన్ని గీసిన ఇదే లె కార్బూజియేకి ఉత్తరాలు రాసింది.)

మీ గోడ విషయానికొస్తే, అది బరువు మోసే గోడో కాదో మేస్త్రీ తట్టి చూసి చెప్పేది కాదు. మా మేస్త్రీ కూడా "ఇది ఉత్త అడ్డుగోడే అమ్మా, ఒక్కరోజులో తీసేస్తా" అన్నాడు. మా మరిది పట్టుబట్టి స్ట్రక్చరల్ ఇంజినీరుని పిలిపించబట్టి సరిపోయింది. గోడ ఒక కొస మీద పై బీము ఆని ఉందని తేలింది. ఆ రెండడుగుల ముక్క వదిలేసి మిగతాది తీశాం. మందపాటి గోడే మోస్తుంది, పల్చటిది మోయదు అనేది సగం నిజం. పైన ఏముంది, స్లాబు ఎటు ఆని ఉంది అన్నది చూడాలి. మీది అపార్ట్‌మెంట్ అయితే పైవాళ్ల బరువు కూడా మీ గోడ మీద ఉండొచ్చు.

ఇక రెండోసారి. అప్పుడు కారణాన్ని మేం వెతుక్కోలేదు, అదే వచ్చింది. ఆ మెరిసే టైల్స్ మీద మా అత్తగారు జారిపడ్డారు. ఎముక విరగలేదు. కానీ తర్వాత మూడు వారాలు తలుపు బయట ఎవరో ఒకరు నిలబడితే తప్ప ఆవిడ స్నానానికి వెళ్లలేదు.

ఈసారి ఫొటోలు చూడలేదు. ఫ్రిజ్ పక్కన ఒక నోటు పుస్తకం వేలాడదీశాం. ఇంట్లో ఎవరికి ఎక్కడ విసుగు పుడితే అక్కడికక్కడే రాయాలి, రెండు వారాలు. "బాత్రూం స్విచ్చి తలుపు వెనక ఉంది, చీకట్లో తడుముకోవాలి." "ఫోన్ చార్జింగ్ పెట్టాలంటే మంచం జరపాలి." "మధ్యాహ్నం 3 దాటితే పడమటి గదిలో కూర్చోలేం." "గడప." ఈ చివరిది మా అత్తగారు రాసింది, ఆ ఒక్క మాటే, నాలుగుసార్లు. టైల్స్ రంగు గురించీ, సీలింగ్ డిజైన్ గురించీ ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. మొదటిసారి డబ్బంతా ఆ రెండింటి మీదే పోసినవాళ్లం మేం!

అందుకే ఈసారి బాత్రూంతో మొదలుపెట్టాం. ముందు గడప తీసేశాం. గడప లేకపోతే నీళ్లు గదిలోకి రావా అని అడుగుతారు, మేమూ అడిగాం. నేల వాలు సరిగ్గా ఇస్తే రావు. అడుక్కి పావు అంగుళం చొప్పున నీళ్లు పోయే జాలీ వైపు వాలు ఉండాలి. నునుపు టైల్స్ తీసేసి గరుకుగా ఉండే చిన్న టైల్స్ వేయించాం. టైల్ చిన్నదైతే మధ్య సందులు ఎక్కువ, కాలికి పట్టు దొరుకుతుంది. తలుపు బయటికి తెరుచుకునేలా మార్చాం. లోపల పడిపోయిన మనిషి తలుపుకి అడ్డంగా ఉంటే లోపలికి తెరిచే తలుపు తీయడం కుదరదు. ఇది అంతకుముందు మాలో ఎవరికీ తట్టనే లేదు. తలుపు తెరిచాక దారి కనీసం 32 అంగుళాలు ఉండేలా చూశాం. రేపు చక్రాల కుర్చీ అవసరమైనా పడుతుంది. పట్టుకునే కమ్మీలు బిగించడానికి టైల్స్ వేయకముందే గోడ లోపల గట్టి ఆధారం పెట్టించాలి. ఉత్త టైల్‌కి స్క్రూ కొడితే మనిషి బరువుకి అది ఊడి చేతికొస్తుంది. మీకు ఇప్పుడు అవసరం లేకపోయినా గోడలో ఆ ఆధారం మాత్రం పెట్టించేయండి.

వాటర్ ప్రూఫింగ్ సంగతి మొదటిసారి మేం అడగనేలేదు. "టైల్స్ ఉండగా నీళ్లెలా దిగుతాయమ్మా" అంటే నమ్మాం. టైల్స్, వాటి మధ్య సందుల్లో నింపే గ్రౌట్ నీళ్లని పూర్తిగా ఆపవు. ఆపేది వాటి కింద వేసే పూత. రెండోసారి ఆ పూత ఆరాక జాలీ మూసేసి నేలంతా నీళ్లు నింపి 48 గంటలు వదిలేశాం. కింద గది కప్పుకి చెమ్మ రాలేదని చూసుకున్నాకే టైల్స్ మొదలుపెట్టనిచ్చాను. ఒక్క రెండు రోజులు ఆలస్యమైతే మేస్త్రీ సణిగాడు. సణగనీయండి.

వంటింట్లో గోడ పోయిన చోట జరిపే గాజు తలుపులు పెట్టించాం. వెలుతురు అలాగే ఉంది, శబ్దం, వాసన చాలావరకు ఆగాయి. నాకు మాత్రం అంతకన్నా పెద్ద మేలు చేసింది గట్టు ఎత్తు. మాకు గట్టు 36 అంగుళాల ఎత్తులో కట్టేశారు. నేను పొట్టిదాన్ని. ఇన్నేళ్ల భుజం నొప్పి వయసు వల్ల అనుకున్నాను. మోచెయ్యి మడిచి నిలబడితే, దానికి 4 నుంచి 6 అంగుళాల కింద గట్టు ఉంటే తరగడం సుఖం. ఒక భాగాన్ని ఆ లెక్కన దించి కట్టించాం. గట్టు రెండు ఎత్తుల్లో ఉంది, ఫొటోకి బాగుండదు, నా భుజానికి బాగుంది.

పడమటి గదికి లోపల మందపాటి కర్టెన్లు ముందే ఉన్నాయి, పెద్దగా ఉపయోగం లేదు. ఎండ గాజు దాటి లోపలికి వచ్చాక కర్టెన్ దాన్ని ఆపేదేముంది, వేడి అప్పటికే గదిలో ఉంటుంది. కిటికీ బయట నీడ వేయించాక తేడా తెలిసింది. పెద్ద పెద్ద గాజు కిటికీలు కావాలని మీ ఇంట్లో కూడా అంటుంటే, అవి ఎటు చూస్తున్నాయో ముందు చూసుకోండి.

మీరు గట్టిగా ఉందంటున్న ఇంటి గురించి కూడా ఒక మాట. స్లాబు అడుగున పెచ్చులూడుతున్నాయా? లోపలి ఇనుప ఊచ తుప్పు పడితే ఆ తుప్పు ఇనుముకన్నా రెండింతలకు పైగా చోటు ఆక్రమిస్తుంది, కాంక్రీటుని కిందికి తోస్తుంది. అలాంటి చోట ఫాల్స్ సీలింగ్ పెడితే జబ్బుని దాచినట్టే. అలాగే 30 ఏళ్ల వైర్లు. అవి వేసినప్పుడు ఇంట్లో ఇన్ని మెషీన్లు లేవు. లోడు ఎక్కువైతే కరెంటు ఆపేసే మామూలు ఎంసీబీ స్విచ్చి వైరుని కాపాడుతుంది, మనిషిని కాదు. షాక్ నుంచి మనిషిని కాపాడాలంటే కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీయాంపుల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉండాలి, ఎర్తింగ్ సరిగ్గా ఉండాలి. పాత ఇనుప పైపులయితే లోపల తుప్పుతో పూడిపోయి ఉండొచ్చు. గోడలు తవ్వి కొత్త రంగు వేశాక ఇవి గుర్తొస్తే మళ్లీ అవే గోడలు తవ్వాలి. చెమ్మ కూడా అంతే. మొదటిసారి మేం చెమ్మ గోడ మీదే రంగు వేయించేశాం, ఒక్క వానాకాలానికే బుడగలు లేచి పొరలు పొరలుగా ఊడింది.

ఇవేవీ ఫొటోల్లో కనిపించవు, వచ్చినవాళ్లు మెచ్చుకోరు. కానీ 30 ఏళ్ల ఇంటిని తవ్వడానికి నా లెక్కలో అన్నిటికన్నా సరైన కారణాలు ఇవే: నీళ్లు, కరెంటు, తుప్పు, ఇంట్లో మారిన మనుషుల వయసులు. గోడ తవ్వడం ఎటూ తప్పదు కాబట్టి అందం పని కూడా అప్పుడే చేయించుకుంటే ఆ దుమ్ము ఒక్కసారే భరిస్తారు. ఇల్లు రెండు మూడేళ్లలో అమ్మేసే ఆలోచన ఉంటే మాత్రం కారేవి, షాక్ కొట్టేవి బాగు చేయించి వదిలేయండి. కొనేవాళ్లకి మీ గట్టు నచ్చుతుందన్న నమ్మకం లేదు.

ఖర్చు లెక్క వేసినప్పుడు అయిదో వంతు పక్కన పెట్టండి. మేం పెట్టాం, గోడ తెరిచాక బయటపడ్డ వాటికి అదంతా అయిపోయింది. రెండు నెలలన్న పని నాలుగు నెలలు పట్టింది. ఇంట్లోనే ఉండి చేయించుకుంటే ఒక బాత్రూం, ఒక గది చివరి దాకా ముట్టుకోవద్దని ముందే చెప్పేయండి. ఇంత పాత ఇంట్లో రంగులు పొడిగా గీకించకండి, పాత రంగుల్లో సీసం ఉండొచ్చు, ఆ దుమ్ము పిల్లలకి మంచిది కాదు.

ఇక ఆ గోడ తీయాలా వద్దా అంటే, ఇంజినీరు కంటే ముందు మీ ఇంట్లోనే ఒక పరీక్ష ఉంది. మీ వంటింటికి తలుపు ఉంటే బందులు ఊడదీసి దాన్ని రెండు వారాలు పక్కన పెట్టండి. మిక్సీ వేసే టైముకి హాల్లో ఎవరు చదువుకుంటున్నారో, ఎవరు ఫోన్లో మాట్లాడుతున్నారో చూడండి. ఆ రెండు వారాల్లో "తలుపు మళ్లీ పెట్టేద్దాం" అని ఇంట్లో ఒక్కరు కూడా అనకపోతే, అప్పుడు ఇంజినీరుకి ఫోన్ చేయండి.