షష్టిపూర్తికి ఫలక్‌నుమాలో ఒక రాత్రి: మేనకోడలికి మావయ్య ఉత్తరం

విశాఖపట్నం

చి.ల.సౌ. అమ్మలూ,

మావయ్య ఆశీస్సులు. నాన్నగారి షష్టిపూర్తి అయ్యాక ఇద్దర్నీ హైదరాబాద్ తీసుకెళ్లి, ఇప్పుడు తాజ్ వాళ్ల హోటల్‌గా నడుస్తున్న ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రి ఉంచాలనుందని చెప్పావు. "అంత డబ్బు పోయడం దండగేమో మావయ్యా" అని కూడా అన్నావు. ఆ రోజు ఫోన్లో సగమే చెప్పగలిగాను. మిగతాది ఇదిగో.

దండగ కాదమ్మా. కాకపోతే ఆ డబ్బు దేనికి ఇస్తున్నామో తెలిసి వెళ్లాలి. మెత్తటి పరుపు, ఏసీ, వేడినీళ్లు మన బీచ్ రోడ్డు హోటళ్లలో అంతకంటే ఎంతో తక్కువకే దొరుకుతాయి. ఫలక్‌నుమాలో మనం డబ్బిచ్చేది ఆ ఇంట్లో తీరిగ్గా తిరగడానికి. అందుకని ఒక్క మాట గట్టిగా పట్టుకో. గది ఇచ్చే వేళకల్లా అక్కడుండండి, ఖాళీ చేసే వేళ దాకా గేటు దాటకండి. చాలామంది పగలంతా గోల్కొండ, చార్మినార్, లాడ్ బజార్ చుట్టేసి, రాత్రి కాళ్లీడ్చుకుంటూ చేరి, పడుకుని లేచి, టిఫిన్ తిని వచ్చేస్తారు. అలా అయితే మాత్రం దండగే.

ప్రయాణం కూడా దానికి తగ్గట్టే చూసుకో. గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో వెళ్తే తెల్లారేసరికి దిగిపోతారు, గదేమో మధ్యాహ్నం గానీ ఇవ్వరు. అంతసేపు సామాన్లతో అమ్మ ఎక్కడ కూర్చుంటుంది? వందే భారత్ అయితే మధ్యాహ్నానికి సికింద్రాబాద్ చేరుస్తుంది గానీ, అక్కణ్ణించి ఊరంతా దాటి పాతబస్తీ అవతలికి వెళ్లాలి. ఆ ట్రాఫిక్‌లో సాయంత్రమైపోతుంది. ఈ ఒక్కసారికి విమానం ఎక్కించు. శంషాబాద్, ఫలక్‌నుమా రెండూ ఊరికి దక్షిణం వైపే కాబట్టి ఊళ్లోకి వెళ్లే పనే లేదు. అమ్మ మోకాళ్ల సంగతి నీకు తెలుసుగా.

గది విషయంలో ఆరాటపడకు. అన్నిటికంటే తక్కువ రకం గది చాలు. మెట్లు, దర్బారు, లైబ్రరీ అందరికీ ఒకటే. లిఫ్టుకి దగ్గరగా ఉన్న గది కావాలని మాత్రం ముందే అడుగు. చెప్పిన ధర మీద పన్ను 18 శాతం పడుతుంది. టిఫిన్ కలిపారో లేదో కూడా చూసుకో. ఇంకొకటి, అక్కడ పెద్దింటి పెళ్లిళ్లు జరుగుతుంటాయి. పెళ్లిళ్ల సీజన్లో వెళ్తే సగం ఇల్లు వాళ్ల సందడిలో ఉండిపోవచ్చు. డబ్బు కట్టేముందే ఫోన్ చేసి, "ఆ రోజు ఏదైనా ఫంక్షన్ ఉందా?" అని అడుగు. మొహమాటపడితే నష్టం మనకే.

ఆ ఇంటి కథ నాన్నగారికి ముందే చెప్పి తీసుకెళ్లు. కట్టించింది నిజాం కాదు. నిజాం కొలువులో పెద్ద ప్రభువులైన పాయగా వంశంవాడు, నిజాం ఇంటి అల్లుడు, తర్వాత హైదరాబాద్ దివాన్ (ప్రధానమంత్రి) అయిన వికార్ ఉల్ ఉమ్రా. 1884లో మొదలుపెడితే పూర్తవడానికి పదేళ్ల దాకా పట్టింది. ఇటలీ పాలరాయి, వెనిస్ గాజుదీపాలు, ఇంగ్లండ్ సామాను తెప్పించి అప్పుల్లో కూరుకుపోయాడంటారు. ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా వచ్చి, ముచ్చటపడి, ఆ ఇంటిని తానే తీసుకున్నాడు. 1911లో ఆయన కన్నుమూసింది కూడా అక్కడే. అది రాచ అతిథులకు విడిదిగా కూడా ఉండేది. 1951లో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ బస చేశాక, దశాబ్దాల పాటు తలుపులు మూసే ఉన్నాయి. నిజాం వారసుల ఇంటి కోడలు ఎస్రా ఏళ్లతరబడి దగ్గరుండి బాగుచేయించాక, తాజ్ వాళ్లు 2010లో హోటల్‌గా తెరిచారు. ఇదంతా తెలిసి లోపల అడుగుపెడితే ప్రతి గోడా మాట్లాడుతుంది. నాన్నగారికి వజ్రాల కథలు ఇష్టం కాబట్టి జాకబ్ వజ్రం సంగతి కూడా చెప్పు. దాదాపు 185 క్యారెట్ల ఆ వజ్రం ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కి తండ్రి చెప్పు ముక్కులో దొరికిందట, దాన్ని కాగితాల మీద బరువుగా వాడుకున్నాడట!

గేటు దగ్గర కారు దిగితే గుర్రపు బగ్గీలో కొండ మీదికి తీసుకెళ్తారు. మెట్ల దగ్గర గులాబీ రేకులు జల్లుతారు. అమ్మ సిగ్గుపడి "మనకెందుకమ్మా ఇవన్నీ" అంటుంది. ఆ మాట విని ఆపించకు. ఆ కాస్త సిగ్గు దాటాక ఆవిడ మొహం ఎలా వెలిగిపోతుందో నువ్వే చూస్తావు.

చేరగానే సాయంత్రం ఇల్లు తిప్పి చూపించే వేళ ఎప్పుడో అడిగి పేర్లు రాయించు. అది తప్పకూడదు. లైబ్రరీలో తలెత్తి చూడండి, చెక్కతో చేసిన ఆ పైకప్పు విండ్సర్ కోటలోని దానికి నకలు. పాలరాతి మెట్ల మీద ఆ కాలపు గవర్నర్ జనరళ్ల బొమ్మలు వరసగా ఉంటాయి. ఇక భోజనాల గది! ఒకే బల్ల చుట్టూ 101 మంది కూర్చోవచ్చు. ఆ గది ఎలా కట్టారంటే, బల్లకి ఈ చివర మెల్లగా అన్న మాట ఆ చివర వినపడుతుంది. మీ అత్త ఒక చివర నిలబడి "కాఫీ తాగుదామా" అని గొణిగితే ఇవతల నాకు స్పష్టంగా వినిపించింది. 2017లో ఇవాంకా ట్రంప్‌కి మోదీ విందు ఇచ్చింది ఆ గదిలోనే. అమ్మానాన్నల్ని చెరో చివరా నిలబెట్టి ఏదో ఒకటి మాట్లాడించు. నలభై ఏళ్లుగా ఇంట్లో గట్టిగా కేకలేసుకునే అలవాటు కదా ఇద్దరికీ, వాళ్లకి భలే నచ్చుతుంది.

పొద్దుగూకే వేళకి వెనకవైపు డాబా మీదికి వెళ్లండి. కింద ఊరంతా దీపాలు వెలుగుతుంటుంది. డిసెంబర్, జనవరి అయితే శాలువాలు మరవొద్దు. మన విశాఖ చలి చలి కాదు, కొండ మీద గాలి వేరు.

రాత్రి భోజనానికి అమ్మకి కంచి పట్టుచీర, నాన్నగారికి పొందూరు ఖద్దరు పంచె కట్టించు. ఇద్దరూ శాకాహారులని బుకింగ్‌లోనే చెప్పు. బగారా బైంగన్, మిర్చీ కా సాలన్ అమ్మకి నచ్చుతాయి. నూనె, నువ్వులు ఎక్కువ కాబట్టి రాత్రిపూట కొంచెమే తినమను. ఆప్రికాట్ పళ్లతో చేసే ఖుబానీ కా మీఠా మాత్రం వదలొద్దు. పెరుగన్నం కావాలంటే అడగండి, చేసిపెడతారు. అంత డబ్బిచ్చి అడగడానికి వెనకాడటం మన మధ్యతరగతివాళ్ల పాత జబ్బు.

మర్నాడు శుక్రవారం కాకుండా చూసుకో. చౌమహల్లా ప్యాలెస్, సాలార్‌జంగ్ మ్యూజియం రెండూ శుక్రవారం మూసేస్తారు. ఓపిక ఉంటే సంతోష్‌నగర్ దగ్గర పాయగా సమాధులు కూడా చూపించు. అంత ఇల్లు కట్టిన వికార్ ఉల్ ఉమ్రా అక్కడే ఉన్నాడు. సున్నపు పని, జాలీల నగిషీ చూసి తీరాలి. జనం కూడా తక్కువ.

ఒకవేళ లెక్క వేసుకున్నాక ఒక రాత్రి మరీ భారమనిపిస్తే, అప్పు మాత్రం చేయకు. ముందుగా బుక్ చేసుకుంటే ఉండనివాళ్లకి కూడా సాయంత్రం టీ ఇస్తారు. పడక ఊళ్లో వేరే హోటల్లో పెట్టుకోవచ్చు. నాన్నగారికి ఖర్చు ఎంతైందో చెప్పకు, బిల్లు నువ్వే విడిగా వెళ్లి కట్టు. అంకె తెలిస్తే ఆయనకి రాత్రి నిద్ర పట్టదు.

తేదీ ఖాయమయ్యాక చెప్పు. ఎయిర్‌పోర్టుకి మా కారులో నేనే దింపుతాను.

మీ మావయ్య