మా ప్రాంతంలో క్యాన్సర్ మరణాలు దేశ సగటు కంటే ఎక్కువట... ఊరు మారాలా?

ప్రశ్న: నా వయసు 43. ఈమధ్య ఆరోగ్య శాఖ వెబ్‌సైట్‌లో మా ప్రాంతపు క్యాన్సర్ లెక్కల పట్టిక చూశాను. పెద్దపేగు క్యాన్సర్ మరణాల రేటు మా దగ్గర దేశ సగటుకు దాదాపు ఒకటిన్నర రెట్లు ఉంది. ఐదేళ్లలో 16 మంది చనిపోయారట. పైగా దేశం మొత్తానికి ట్రెండ్ ‘తగ్గుతోంది’ అని, మాకు మాత్రం ‘స్థిరం’ అని రాశారు. అప్పటి నుంచి ఒకటే టెన్షన్. నీళ్లలోనో గాలిలోనో ఏదో ఉందని ఇంట్లో అందరం అనుకుంటున్నాం. పిల్లలు చిన్నవాళ్లు. వేరే ఊరికి మారిపోవడం మంచిదా? మా అమ్మకు కూడా 54 ఏళ్లప్పుడు ఇదే క్యాన్సర్ వచ్చింది. నాకు మాత్రం ఏ ఇబ్బందీ లేదు. సలహా ఇవ్వగలరు.

– ఒక పాఠకుడు

జవాబు: మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. పట్టిక గురించి అంత వివరంగా రాసి, అమ్మగారి సంగతి చివర్లో ఒక్క వాక్యంలో చెప్పేశారు. నాకైతే మొత్తం ఉత్తరంలో ఆ వాక్యమే ముఖ్యం. దానికి వస్తాను. కానీ ముందు పట్టిక సంగతి తేల్చకపోతే మీ మనసు అక్కడే తిరుగుతూ ఉంటుంది కాబట్టి మొదట అదే చూద్దాం.

16 అనే అంకె పట్టుకోండి. మీ రేటు దేశ సగటుకు ఒకటిన్నర రెట్లు అంటే, దేశంలో ఉన్న రేటే మీ దగ్గరా ఉండి ఉంటే ఐదేళ్లలో సుమారు 11 మంది చనిపోయేవారన్నమాట. అంటే మీకు నిద్ర లేకుండా చేస్తున్న తేడా ఐదుగురు, ఏడాదికి ఒకరు. ఆ ఐదుగురి ఇళ్లలో అది చిన్న విషయమని నేను అనడం లేదు, లెక్క గురించే మాట్లాడుతున్నాను. మరణాలు ఏటా కొలిచి పంచినట్టు సమానంగా రావు, ఒక ఏడాది ఒకరు, ఇంకో ఏడాది ఆరుగురు, ఇలా ఉంటుంది. అందుకే 16 లాంటి చిన్న సంఖ్య వచ్చినప్పుడు, కేవలం యాదృచ్ఛికంగా ఊగే ఊగిసలాటనే లెక్కేసినా, దాని వెనకున్న అసలు సంఖ్య సుమారు 9 నుంచి 26 మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. 11 ఆ పరిధిలోనే ఉంది కదా? కాబట్టి మీ ప్రాంతం దేశం కంటే నిజంగా అధ్వాన్నంగా ఉందని ఈ అంకెతో చెప్పలేం. బాగుందనీ చెప్పలేం. అంతే.

మీరు చూసిన పట్టికలో రేటు పక్కనే బ్రాకెట్లలో ఇంకో రెండు అంకెలు ఉండే ఉంటాయి. అసలు రేటు ఏ రెండు అంకెల మధ్య ఉండొచ్చో చెప్పే ఆ పరిధిని కాన్ఫిడెన్స్ ఇంటర్వెల్ అంటారు. చాలామంది దాన్ని దాటేసి పెద్ద అక్షరాల్లో ఉన్న రేటు మాత్రమే చూస్తారు, కానీ అసలు కథ ఆ బ్రాకెట్లలోనే ఉంటుంది. అమెరికాలో కౌంటీలవారీగా (అవి మన జిల్లాల్లాంటివి) క్యాన్సర్ లెక్కలు ఇచ్చే ప్రభుత్వ సైట్‌లో కేసులో మరణాలో 16 కంటే తక్కువ ఉంటే రేటే చూపించరు. మనుషుల వివరాలు బయటపడకూడదనేది ఒక కారణం, అంత చిన్న అంకెతో కట్టిన రేటును నమ్మలేమనేది ఇంకో కారణం. మీ ప్రాంతం సరిగ్గా ఆ గుమ్మం మీద నిలబడి ఉంది.

ఇంకో సంగతి చెబితే ఇది ఇంకా బాగా అర్థమవుతుంది. అమెరికాలోనే కిడ్నీ క్యాన్సర్ మరణాల రేటును కౌంటీలవారీగా మ్యాప్ మీద వేస్తే, అతి తక్కువ రేటు ఉన్నవి ఎక్కువగా జనం పలచగా ఉన్న పల్లె కౌంటీలే. ఆహా, మంచి గాలి, మంచి నీళ్లు అనుకుంటాం. అతి ఎక్కువ రేటు ఉన్నవి ఏవో చూస్తే అవీ జనం పలచగా ఉన్న పల్లె కౌంటీలే! గాలికీ నీళ్లకీ సంబంధం లేదు, జనం తక్కువైన చోట ఒక్క మరణం అటో ఇటో అయినా రేటు ఎగిరి ఆకాశాన పడుతుంది, లేదా సున్నాకు జారుతుంది.

తర్వాత, మీరు చూసింది ముడి రేటా (మరణాలను మొత్తం జనాభాతో భాగిస్తే వచ్చేది), వయసు సవరించిన రేటా (జనాభాలో వయసుల తేడా ప్రభావాన్ని తీసేసి కట్టేది)? క్యాన్సర్ చాలావరకు పెద్దవయసులో వచ్చే జబ్బు కాబట్టి, వయసు మళ్లినవాళ్లు ఎక్కువగా ఉన్న చోట ముడి రేటు ఎక్కువే ఉంటుంది, అందులో వింతేమీ లేదు. వయసు సవరించిన రేటైతేనే దేశంతో పోల్చాలి, అదీ రెండింటినీ ఒకే ప్రామాణిక జనాభాతో (ఏ వయసువాళ్లు ఎంతమందని పెట్టుకున్న నమూనాతో) సవరించినప్పుడే. అమెరికా వాళ్లు తమ 2000 సంవత్సరపు జనాభాను ప్రమాణంగా పెట్టుకుంటారు, అంతర్జాతీయ పట్టికలు ప్రపంచ ప్రామాణిక జనాభాను వాడతాయి. రెండు వేర్వేరు తూకపు రాళ్లతో తూచి ఇది బరువు, అది తేలిక అంటే కుదరదు. ఈ పొరపాటు పత్రికల్లో కూడా చూస్తుంటాను.

ఇక ట్రెండ్. ‘స్థిరం’ అని రాస్తే అక్కడ మార్పు లేదని మీరు అనుకున్నారు. గణాంకాల భాషలో దాని అర్థం వేరు: తగ్గిందనో పెరిగిందనో గట్టిగా చెప్పేందుకు సరిపడా ఆధారం లేదని మాత్రమే. దేశం మొత్తం మీద వేల మరణాలు ఉంటాయి కాబట్టి ఏడాదికి ఒకటి రెండు శాతం తగ్గినా కనిపిస్తుంది. సరిగ్గా అదే తగ్గుదల మీ ప్రాంతంలోనూ ఉన్నా, ఏటా ముగ్గురో నలుగురో చనిపోయే చోట అది ఆ ఊగిసలాటలో కలిసిపోయి ‘స్థిరం’ అని వస్తుంది. పైగా మరణాల ట్రెండ్ ఇవాళ్టి గాలి గురించో నీళ్ల గురించో చెప్పదు, ఎప్పటివో పాత సంగతులు చెబుతుంది. పొగతాగితే ఊపిరితిత్తుల క్యాన్సర్ వస్తుందని అమెరికా సర్జన్ జనరల్ (అక్కడి ప్రభుత్వ ప్రధాన ఆరోగ్యాధికారి) నివేదిక 1964లో వస్తే, అక్కడి మగవాళ్లలో ఆ క్యాన్సర్ మరణాల రేటు దిగడం మొదలైంది 1990 ప్రాంతంలో! మధ్యలో పాతికేళ్లు.

సరే, నిజంగానే ఒక చోట మరణాల రేటు ఎక్కువని, అంకెలు పెద్దవే కాబట్టి అనుమానం లేదని అనుకుందాం. అప్పుడు కూడా నేను ముందు నీళ్ల వైపు చూడను, కొత్త కేసుల రేటు వైపు చూస్తాను. కొత్త కేసులు దేశ సగటులాగే ఉండి మరణాలు మాత్రం ఎక్కువుంటే, అక్కడ జబ్బు ఎక్కువ రావడం లేదు, ఆలస్యంగా బయటపడుతోంది, లేదా వైద్యం సరిగ్గా అందడం లేదు. లక్షణాలు రాకముందే చేసే పరీక్షలు (స్క్రీనింగ్) జరగకపోవడం, ఆసుపత్రి దూరం, మలంలో రక్తాన్ని మొలలనుకుని ఏళ్లు గడిపేయడం, ఇవన్నీ ఆ అంకెలోకే వస్తాయి. రెండూ ఎక్కువుంటే పొగాకు, మద్యం, ఊబకాయం వైపు వెతకాలి. కొత్త కేసులు మాత్రమే ఎక్కువుండి మరణాలు మామూలుగా ఉంటే, వెతకడం ఎక్కువైందేమో చూడాలి. దక్షిణ కొరియాలో అల్ట్రాసౌండ్‌తో థైరాయిడ్ చూడడం మామూలైపోయాక, 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ కొత్త కేసుల రేటు 1993తో పోలిస్తే 15 రెట్లైంది, మరణాల రేటు మాత్రం కదల్లేదు. మరణ ధ్రువపత్రాల తంటా ఒకటి ఉండనే ఉంది. పేగులో మొదలై కాలేయానికి పాకిన క్యాన్సర్‌ను ‘లివర్ క్యాన్సర్’ అని రాసేస్తే, ఒక పట్టికలో ఒకటి తగ్గి ఇంకో పట్టికలో ఒకటి పెరుగుతుంది.

కాబట్టి ఊరు మారొద్దు, కనీసం ఈ కారణంతో మారొద్దు. మారినా అమ్మగారి నుంచి వచ్చిన జన్యువులు మీ వెంటే వస్తాయి.

ఇప్పుడు అసలు విషయం. తల్లి, తండ్రి, తోబుట్టువుల్లో ఒకరికి 60 ఏళ్లలోపు పెద్దపేగు క్యాన్సర్ వచ్చి ఉంటే, మిగతావాళ్లు 40వ ఏట, లేదా ఆ మనిషికి జబ్బు బయటపడిన వయసుకు పదేళ్ల ముందు, రెండింట్లో ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ (కెమెరా ఉన్న సన్నని గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) మొదలుపెట్టి, అంతా మామూలుగా ఉన్నా ఐదేళ్లకోసారి చేయించుకోవాలి. అమ్మగారికి 54, పదేళ్లు తీసేస్తే 44, దానికంటే 40 ముందు వస్తుంది. మీకు 43. అంటే మూడేళ్లు ఆలస్యమైంది, ఈ నెలలోనే అపాయింట్‌మెంట్ తీసుకోండి. ఏ ఇబ్బందీ లేదన్నారు కదా, చేయించుకోవాల్సింది సరిగ్గా ఇప్పుడే. పేగులో చిన్న పాలిప్ (లోపలి గోడ మీద మొలిచే బుడిపె) క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా పదేళ్లో అంతకంటే ఎక్కువో పడుతుంది, ఆ లోపల పాలిప్ కనిపిస్తే కొలనోస్కోపీ చేస్తూనే తీసేస్తారు, జబ్బు మొదలయ్యే దారే మూసుకుపోతుంది. మలంలో కంటికి కనిపించని రక్తాన్ని చూసే మలపరీక్షతో సరిపెట్టుకోవచ్చా అని అడుగుతారేమో, ఇంట్లో ఎవరికీ లేనివాళ్లకైతే అది మంచి పరీక్షే, మీకు మాత్రం కొలనోస్కోపీనే చెబుతాను. ముందురోజు పేగు శుభ్రం కావడానికి తాగే మందు చికాకు పెడుతుంది, నిజం చెప్పాలంటే పరీక్ష కంటే అదే కష్టం, కానీ సగం తాగి మానేయొద్దు, పేగు శుభ్రంగా లేకపోతే చిన్న పాలిప్‌లు కనిపించవు.

డాక్టర్ దగ్గరికి వెళ్లేముందు ఇంట్లో పెద్దవాళ్లను కూర్చోబెట్టి అడగండి. అమ్మగారి వైపు ఇంకెవరికైనా పెద్దపేగు, గర్భసంచి, అండాశయం, జీర్ణాశయ క్యాన్సర్లు వచ్చాయా, వస్తే ఏ వయసులో? ఒకరిద్దరికి ఉందని తేలితే లించ్ సిండ్రోమ్ అనే వారసత్వ సమస్య గురించి జన్యు పరీక్ష చేయించాల్సి రావొచ్చు, అప్పుడు ఐదేళ్ల లెక్క మారి ఏడాదికో రెండేళ్లకో ఒకసారి చూడాల్సి ఉంటుంది. అమ్మగారి పాత బయాప్సీ రిపోర్టు దొరికితే తప్పకుండా తీసుకెళ్లండి. మీకు అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు ఉంటే వాళ్లకూ ఇదే లెక్క వర్తిస్తుంది, ఇది వాళ్లకూ చూపించండి. పిల్లలకు ఇప్పుడు ఏ పరీక్షలూ అక్కర్లేదు. కొలనోస్కోపీ అయ్యాక పాలిప్‌లు ఎన్ని ఉన్నాయి, ఎంత సైజు, ఏ రకం అన్నది రిపోర్టులో ఉంటుంది, అది చూసి రాయండి, తర్వాతి పరీక్ష ఎప్పుడో చెబుతాను.