లంక మీద గోల్ఫ్ కోర్సు గీసే ముందు

చిరంజీవికి బాబాయి దీవెనలు.

నువ్వు పంపిన డ్రాయింగు చూశాను. మారిషస్ తూర్పు తీరపు లంకలో పద్దెనిమిది హోల్స్ (ఒక్కోటీ బంతి కొట్టడం మొదలుపెట్టే చోటు నుంచి జెండా ఉన్న గుంట దాకా) బాగానే కుదిర్చావు. కానీ నీళ్లు ఎక్కడి నుంచి వస్తాయో అందులో ఎక్కడా లేదు. ముందు అది తేల్చు.

వానల్లేని నెలల్లో పచ్చికకి రోజుకి 5 మిల్లీమీటర్ల నీళ్లు అనుకో. హెక్టారుకి 50,000 లీటర్లు. నువ్వు గీసిన 40 హెక్టార్లకి రోజూ 20 లక్షల లీటర్లు కావాలి. రఫ్‌లో, అంటే ఆట దారికి పక్కన ఏపుగా వదిలే చోట, చాలా భాగం అక్కడి పొదలకీ చెట్లకీ వదిలేసి, పచ్చికని 25 హెక్టార్లకి దించు. పన్నెండున్నర లక్షలతో గడుస్తుంది. అవి రిసార్టులో శుద్ధి చేసిన మురుగునీళ్లు, వాననీటి చెరువులు, చాలకపోతే ఉప్పు తీసే ప్లాంటు నుంచి రావాలి. బోరు మీద ఆశ పెట్టుకోకు. లంక కింద మంచినీళ్లు ఉప్పునీటి మీద తేలుతూ ఉంటాయి. సముద్రమట్టానికి పైన మీటరు మంచినీళ్లుంటే కింద సుమారు 40 మీటర్లు ఉంటాయి. తోడి తోడి పైమట్టాన్ని అర మీటరు దింపావంటే, కింద ఉప్పు 20 మీటర్లు పైకి ఎగబాకుతుంది. వాననీళ్లు ఇంకిపోకుండా చెరువుల అడుగున షీటు పరవాల్సిందే.

గడ్డి సీషోర్ పాస్పాలమే, ఉప్పుని ఓర్చుకునే సముద్రతీరపు రకం. ఉప్పునీళ్లు పోసినా బతుకుతుందని అమ్మేవాళ్లు చెప్పేది సగమే నిజం. వేళ్లు పట్టేదాకా దానికి మంచినీళ్లే కావాలి. ఆ తర్వాత ఉప్పగా ఉన్న నీళ్లు పెట్టినా, అప్పుడప్పుడు బాగా తడిపి, పేరుకున్న ఉప్పుని వేళ్ల కిందికి కడిగెయ్యాలి. ఆ కడిగిన నీళ్లకి దారి లేకపోతే ఉప్పు తిరిగి పైకే వస్తుంది.

అందుకే గ్రీన్ల దగ్గర, అంటే గుంట చుట్టూ పొట్టిగా కోసిన పచ్చిక దగ్గర, పొదుపు పనికిరాదు. యు.ఎస్.జి.ఎ. (అమెరికా గోల్ఫ్ సంఘం) పద్ధతే పట్టుకో. పూర్తయిన మట్టానికి 40 సెంటీమీటర్ల కింద గట్టి నేల, అందులో 20 సెంటీమీటర్ల లోతు కాలవలు, 4.5 మీటర్లకి మించని ఎడంలో 10 సెంటీమీటర్ల చిల్లుల పైపులు. పైన 10 సెంటీమీటర్ల కంకర, దాని మీద 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం. ఒక్కో గ్రీన్ 500 చదరపు మీటర్లయితే, ప్రాక్టీసుదానితో కలిపి పంతొమ్మిదింటికి 2,850 ఘనపు మీటర్ల మిశ్రమం, 950 కంకర. ఇదంతా బార్జి మీద రావాలి, కాబట్టి అణిగిపోయే వాటా కూడా కలిపి ఆర్డరు పెట్టు. లంకలో భూగర్భ జలం పోటుతోపాటు లేస్తుంది. పెద్ద పోటులో కూడా పైపులు దానికి పైనే ఉండేలా గ్రీన్‌ని ఎత్తాలి. చాలామంది తప్పేది ఇక్కడే.

లగూన్ (ఒడ్డుకీ పగడపు దిబ్బకీ మధ్య ఉండే లోతు తక్కువ సముద్రం) ఇసుక తవ్వకం మారిషస్‌లో 2001లోనే ఆగిపోయింది. దొరికేది నల్లరాయి పొడి చేసిన ఇసుక. అందులో దుమ్ము ఎక్కువ. కడిగించి, జల్లెడ పరీక్ష చేయించు. కనీసం 60 శాతం గింజలు పావు మిల్లీమీటరుకీ ఒక మిల్లీమీటరుకీ మధ్య ఉండాలి. ఒండ్రు 5 శాతం, బంకమన్ను 3 శాతం దాటితే లోడు తిప్పి పంపెయ్.

ఇక చెట్లు. మనకి అలవాటైన లెక్కలో గ్రీన్‌కి దక్షిణాన నీడ చూసుకుంటాం. మారిషస్ భూమధ్యరేఖకి దక్షిణాన ఉంది కాబట్టి అక్కడ తిరగబడుతుంది. జూన్, జూలైల్లో మధ్యాహ్నపు సూర్యుడు ఉత్తరానికి వాలి ఉంటాడు. ఉత్తరం వైపు సరుగుడు వరస ఉంచావంటే పాస్పాలం పలచబడిపోతుంది, దానికి నీడ బొత్తిగా పడదు. సరుగుడు గాలివానకి వేళ్లతో సహా పడిపోతుంది కూడా. కొబ్బరిచెట్లు టీల దగ్గర, అంటే మొదటి దెబ్బ కొట్టే చోట్ల, వద్దు.

గాలి ఏడాది పొడవునా ఎక్కువగా ఆగ్నేయం నుంచే. ఎదురుగాలి హోల్స్‌లో గ్రీన్ ముందు భాగం తెరిచి ఉంచు, బంతి దొర్లుకుంటూ వెళ్లాలి. ఎదురుగాలికి నీళ్ల మీదుగా కొట్టక తప్పని హోల్ పెట్టకు. వచ్చేవాళ్లు సెలవులకొచ్చిన అతిథులు, వాళ్ల బంతులన్నీ లగూన్‌లోకే పోతాయి. పొద్దున మొదటి హోల్ తూర్పుకీ, సాయంత్రం ఆఖరిది పడమరకీ చూడకూడదు. గ్రీన్‌లో జెండా పెట్టే చోట వాలు 3 శాతం దాటనియ్యకు.

తుపానులు నవంబరు నుంచి ఏప్రిల్ దాకా. గడ్డి పిలకలు సెప్టెంబరులో నాటితే, జనవరి పెద్ద వానలకి నేల కప్పుకుంటుంది. ఆలస్యమైతే ఇసుకంతా లగూన్‌లోకే. ఒడ్డున 30 మీటర్లు ఎరువు పడని స్థానిక మొక్కల పట్టీ వదులు. కాలవల మూతికి పోటునీళ్లు వెనక్కి రాకుండా ఒంటివైపు తెరుచుకునే తలుపు పెట్టు. అన్నట్టు, ఉగాది అక్కడ ప్రభుత్వ సెలవు. బార్జి ఆ రోజుకి రాయించకు.

వీలైతే పడవెక్కి, ఆ తూర్పు తీరపు లంకే అయిన ఇల్ ఓ సెర్ఫ్‌లో కోర్సు చూసిరా. జర్మన్ గోల్ఫ్ ఆటగాడు బెర్నార్డ్ లాంగర్ గీసింది. ఆట సంగతి తర్వాత, నీళ్లు ఎటు పోతున్నాయో చూడు. ఈసారి డ్రాయింగు పంపేటప్పుడు మొదటి కాగితం నీళ్లదే ఉండాలి.

ఇట్లు
మీ బాబాయి