వెంప్ పరీక్ష: ముందు మెడ సంగతి చూడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

ఇకమీదట వెంప్ పరీక్షలు, అంటే శబ్దానికి కండరం స్పందించే తీరుని బట్టి లోపలి చెవిలో తూకం చూసే భాగాన్ని పరీక్షించడం, నువ్వే చూసుకుంటావని తెలిసి రాస్తున్నాను. సెట్టింగులు మెషీన్‌తో వచ్చే పుస్తకంలో ఉంటాయి, వాటిని పట్టుకుని కంగారు పడకు. స్పందన లేదని రిపోర్టు రాసే ముందు మాత్రం లోపం చెవిదా, మెడదా అన్నది తేల్చుకో.

సీ-వెంప్‌లో, అంటే మెడ కండరం మీద చేసే వెంప్‌లో, మనం పట్టుకునేది బిగిసి ఉన్న కండరం ఒక్క క్షణం సడలడాన్ని. గట్టి శబ్దానికి లోపలి చెవిలో తూకం చూసే చిన్న సంచి, శాక్యూల్, కదులుతుంది. ఆ కబురు తూకం కబుర్లు మోసే కింది వెస్టిబ్యులార్ నరం గుండా మెదడు కాండానికి చేరుతుంది. అక్కణ్ణించి అదే వైపు మెడ పక్క కండరం స్టెర్నోమాస్టాయిడ్‌కి ‘ఆగు’ అని ఆదేశం వస్తుంది. అసలు బిగించని కండరం ఇంకేం సడలుతుంది? మెడ వదిలేసి పడుకుంటే ఎంత ఆరోగ్యమైన చెవికైనా గీత చదునుగానే వస్తుంది.

మొదట చెవిలోకి చూసి, గులిమి ఉంటే తీయించు. మధ్య చెవి పనితీరు చూసే టింపనోమెట్రీ మానొద్దు. మధ్య చెవిలో నీరు చేరినా, కర్ణభేరికి చిల్లు పడినా గాలి ద్వారా పంపిన శబ్దం లోపలికి సరిగా అందదు. ఆడియోగ్రామ్‌లో 10 డెసిబెల్స్ ఎయిర్-బోన్ గ్యాప్ (గాలి ద్వారా, ఎముక ద్వారా వినికిడికి మధ్య తేడా) ఉన్నా స్పందన మాయం కావచ్చు. అలాంటివాళ్ళకి ఎముక ద్వారా శబ్దం పంపే బోన్ వైబ్రేటర్‌తో చెయ్యి. నరాల చెవుడు సంగతి వేరు. బొత్తిగా వినపడని చెవిలోనూ శాక్యూల్ బాగుండవచ్చు, కాబట్టి ‘వినపడదుగా’ అని వదిలేయకు.

ఇంకో మెలిక ఉంది. గ్యాప్ ఉన్నా స్పందన దిట్టంగా వచ్చి, 70 డెసిబెల్స్‌కి దించినా నిలిచి ఉందనుకో, లోపలి చెవిలోని పై అర్ధవృత్తాకార నాళం మీద ఎముకకి రంధ్రం పడిందేమోనని అనుమానించాలి. లాయిడ్ మైనర్ బృందం 1998లో వర్ణించిన జబ్బు ఇది. ఆటోస్క్లెరోసిస్ (మధ్య చెవిలోని చిన్న ఎముక స్టేపీస్ బిగుసుకుపోయే జబ్బు) అనుకుని స్టేపీస్ ఆపరేషన్‌కి సిద్ధమవుతున్న డాక్టరుకి ఈ ముక్క వెంటనే చెప్పు. సీటీ స్కాన్ చూశాకే ముందుకెళ్తారు.

ఎలక్ట్రోడ్లు అతికించే ముందు పేషెంటు చేత తల పక్కకి తిప్పించు, కండరం తాడులా ఉబ్బి కనిపిస్తుంది. దాని పొడవులో సగం దగ్గరో, కాస్త పైనో యాక్టివ్ (స్పందన పట్టే ఎలక్ట్రోడ్) పెట్టు. రెండు వైపులా ఒకే ఎత్తులో ఉండాలి. పోలికకి వాడే రిఫరెన్స్ రొమ్ము ఎముక పైభాగాన, గ్రౌండ్ నుదుటి మీద. ఆడవాళ్ళని మంగళసూత్రం తీయమనక్కర్లేదు, భుజం మీదికి జరిపి టేప్ వేస్తే సరి. మెడ మీద పౌడరు, నుదుటి మీద నూనె ఉంటే స్పిరిట్‌తో తుడిచి, చర్మాన్ని శుభ్రం చేసే ప్రిప్ జెల్ రుద్దు. ఎలక్ట్రోడ్ల దగ్గర విద్యుత్తుకి అడ్డు, ఇంపెడెన్స్, 5 కిలో ఓమ్‌ల లోపు వచ్చేదాకా మొదలుపెట్టకు.

ఎడమ చెవి పరీక్షకి తల కుడికి తిప్పి, దిండు మీంచి కొంచెం లేపి పట్టుకోమను. ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్‌లో 500 హెర్ట్జ్ టోన్ బర్స్ట్ (చిన్న శబ్దపు తునక), 95 డెసిబెల్స్ ఎన్‌హెచ్‌ఎల్ (మామూలు వినికిడితో పోల్చిన కొలత), సెకనుకి 5 చొప్పున. 150 స్వీపులంటే, అంటే అన్నిసార్లు శబ్దం పంపి రికార్డు చేస్తే, అరనిమిషం. ఆ అరనిమిషమూ కండరం బిగువు చూపే మీటరు (ఈఎంజీ) 50 నుంచి 200 మైక్రోవోల్టుల మధ్య నిలవాలి. స్క్రీన్ పేషెంటుకి కనబడేలా తిప్పి, ‘ఈ గీత దాటనివ్వకండి’ అని చెప్తే చాలామంది చక్కగా పట్టుకుంటారు. కుడివైపు రెండు రన్లు (రికార్డింగులు) చేశాక ఎడమకి వెళ్తే, మెడ అప్పటికే అలిసిపోయి ఎడమ చెవి అన్యాయంగా బలహీనమని తేలుతుంది. కుడి, ఎడమ, ఎడమ, కుడి వరసలో చెయ్యి. మధ్యలో తల ఆనించి సేద తీరనివ్వు.

మెడ అరిగిన పెద్దవాళ్ళ చేత తల లేపించొద్దు. కుర్చీలో కూర్చోబెట్టి, తల పక్కకి తిప్పి దవడని తమ అరచేతికే నొక్కమను. పరీక్షలో పంపే శబ్దం చాలా గట్టిది, అవసరం లేని రన్లు వద్దు. పిల్లల చెవి కాలువ చిన్నది, అదే సెట్టింగుకి లోపల శబ్దం పెరుగుతుంది, అందుకని తగ్గించి పెట్టు. చిన్న శబ్దానికే ఉలిక్కిపడేవాళ్ళని చేయాలా వద్దా అని డాక్టరునే అడుగు.

స్పందన గీతలో 13 మిల్లీసెకన్ల దగ్గరి పీ1 అల, 23 దగ్గరి ఎన్1 అల రెండు రన్లలోనూ ఒకే చోట పడితేనే నమ్ము. రెండు చెవుల స్పందనల్లో పెద్దదానిలోంచి చిన్నది తీసేసి, రెండింటి మొత్తంతో భాగించి, నూరుతో గుణిస్తే అసమానత వస్తుంది. కుడి 120, ఎడమ 60 మైక్రోవోల్టులైతే 33 శాతం. మామూలు హద్దుకి దగ్గర్లో ఉందే అని భయపడే ముందు ఈఎంజీ చూడు. కుడివైపు 140, ఎడమ 70 ఉంటే, ఏ వైపు స్పందనని ఆ వైపు ఈఎంజీతో భాగించాక రెండు చెవులూ సమానమే! అరవై దాటినవాళ్ళకి రెండు వైపులా రాకపోతే దానికి ఎక్కువ అర్థం లాగొద్దు.

ఓ-వెంప్‌కి, అంటే కంటి కండరం మీద చేసే వెంప్‌కి, ఎలక్ట్రోడ్ శబ్దం పంపే చెవికి ఎదుటివైపు కంటి కింద. కాటుక తుడిపించు. చూపు 30 డిగ్రీలు పైకి ఎత్తి, గోడ మీద చుక్క పెట్టి దాన్నే చూడమను. చూపు దిగితే 10 మిల్లీసెకన్ల దగ్గరి ఆ కొద్ది మైక్రోవోల్టుల అల పోతుంది.

రిపోర్టులో రెండు వైపుల ఈఎంజీ సగటు, పడుకోబెట్టి చేశావా కూర్చోబెట్టా, రాయడం మరచిపోకు. ఆరు నెలల తర్వాత మళ్ళీ వచ్చినప్పుడు పోల్చేవాళ్ళకి కావాల్సింది అదే.