‘మీ నష్టానికి చింతిస్తున్నాను’ అనవచ్చా?

సందేహం: ఈమధ్య తెలుగులోకి డబ్ చేసిన ఒక సినిమా చూశాను. రోడ్డు ప్రమాదంలో భర్తను పోగొట్టుకున్న ఆమె దగ్గరకు పక్కింటావిడ వచ్చి ‘మీ నష్టానికి చింతిస్తున్నాను’ అంటుంది. అప్పటిదాకా కళ్లు తుడుచుకుంటూ చూస్తున్నదాన్ని, ఆ మాట వినగానే ఏడుపు ఆగిపోయింది. వ్యాకరణం సరిగ్గానే ఉంది కదా, మరి ఎందుకు అతకలేదు? (అనంతపురం నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: వ్యాకరణం సరిగ్గానే ఉందమ్మా, కానీ చావింట్లో తెలుగువాళ్లు అనే మాట కాదది. నష్టం అనగానే మనకు లెక్కలు గుర్తొస్తాయి. మన జిల్లాలో అయితే మరీనూ, వానల్లేక వేరుశనగ ఎండిపోతే పంట నష్టం, దానికి పరిహారం, అధికారులొచ్చి రాసుకుపోవడం. పోయిన మనిషిని ఆ మాటతో చెప్పం. ఇక చింతించడమంటారా, గుంతకల్లు స్టేషన్లో బండి లేటైతే మైకులో ‘అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని వస్తుంది, ఆ క్రియ ఇప్పుడు అలాంటి ప్రకటనల్లోనే స్థిరపడిపోయింది. సంతాపం కూడా అంతే. తాపం అంటే వేడి, పశ్చాత్తాపంలో ఉన్నదీ అదే, అసలైతే లోపల కాలిపోతున్నవాళ్ల బాధకు ఆ పేరు, ఇప్పుడేమో బయటివాళ్లు ‘ప్రకటించేది’ అయింది.

మరి ఏమంటాం? పెద్దగా ఏమీ అనం. పేపర్లో పరామర్శ అని రాస్తారు గానీ మన వైపు జనం ‘పలకరించను పోయినాం’ అంటారు. మా చిన్నాయన గుండెపోటుతో ఉన్నట్టుండి పోయినప్పుడు ఊర్నించి ఒక పెద్దావిడ వచ్చి, చెప్పులు వాకిట్లో విడిచి, మా చిన్నమ్మ పక్కన చాప మీద కూర్చుని, చెయ్యి పట్టుకుని ‘ఎంత పనైపాయె తల్లీ’ అనింది. అంతే, ఇంకో మాట లేకుండా పొద్దుపోయేదాకా అట్లే కూర్చుంది. ఆ మాటలో ‘మీ’ లేదు, ‘నేను’ లేదు చూడండి. సినిమాలోని వాక్యం నష్టాన్ని ఒకరికి, చింతను ఇంకొకరికి పంచేసింది, అక్కడే ఇద్దరి మధ్య దూరం వచ్చేసింది.

ఇంకొకటి. ‘పోతాను’ అనడం కీడని ఎక్కడికెళ్లినా ‘వెళ్లొస్తాను’ అనే మనం, ఆ ఒక్క ఇంట్లో మాత్రం ఆ మాట అనం, మళ్లీ అలాంటి రాక రాకూడదని. ఆ పెద్దావిడ కూడా చెప్పకుండానే లేచి వెళ్లిపోయింది.

డబ్బింగు రాసేవాళ్లకు తెరమీది పెదవుల కదలికకు మాట పొడవు సరిపోవాలన్న టెన్షన్ ఉంటుంది, నిజమే. ‘ఎంత పనైపోయిందమ్మా’ పొట్టిదైతే ‘ఇలా అవుతుందని ఎవరనుకున్నారమ్మా’ అని పెట్టుకోవచ్చు.