సెర్బియా గొంతులో ఐరిష్ పాట

ప్రశ్న: యూట్యూబ్‌లో ఐరిష్ పాటలు వింటుంటే ఆర్థడాక్స్ కెల్ట్స్ అనే బ్యాండ్ తగిలింది, చూస్తే వాళ్ళు సెర్బియా వాళ్ళంట. 1994లో వచ్చిన మొదటి ఆల్బమ్‌లో ఉన్నవి ఐర్లండ్ సంప్రదాయ పాటలేనంట. వాళ్ళకీ ఐర్లండ్‌కీ ఏం సంబంధమండీ, ఇది కాపీ కాదా?
– ఓ పాఠకురాలు, రాజమండ్రి

జవాబు: కాపీ అనకండి ప్లీజ్, ఆ మాట వాళ్ళకి అన్యాయం. ఇవే పాతపాటల్ని 1962 నుంచి డబ్లిన్‌లో ది డబ్లినర్స్ ఒకలా పాడారు, 1982లో లండన్‌లో మొదలైన ది పోగ్స్ పంక్ ఊపుతో ఇంకోలా పాడారు, మరి సెర్బియా రాజధాని బెల్‌గ్రేడ్ కుర్రాళ్ళు పాడితేనే తప్పెలా అవుతుంది?

అసలు వాళ్ళు ఏ టైమ్‌లో పాడారో చూడండి. బ్యాండ్ పుట్టింది 1992లో. ఆ ఏడాది మే నెలలోనే ఐక్యరాజ్యసమితి యుగోస్లావియా మీద (సెర్బియా అప్పుడు అందులోనే ఉండేది) ఆంక్షలు పెట్టింది, విమానాలు కూడా ఆగిపోయాయి. 1993 చివరికొచ్చేసరికి ధరలు ఎంత పిచ్చిగా పెరిగాయంటే ఏకంగా 50 వేల కోట్ల దినార్ల నోటు అచ్చేశారు, ఒకే ఒక్క నోటు! పక్కనే యుద్ధం, టీవీ పెడితే టర్బోఫోక్ హోరు, అంటే జానపదానికి డాన్స్ బీట్ కలిపిన అక్కడి పాప్ పాటలు. అలాంటి ఊళ్ళో కూర్చుని వలసపోయినవాళ్ళ పాటలు, తిరుగుబాట్ల పాటలు, కష్టాన్ని తాగి నవ్వేసే పాటలు పాడారు వీళ్ళు. ఆ పాటలు బెల్‌గ్రేడ్ వాళ్ళకి ఎందుకు పట్టాయో నాకైతే వేరే కారణం వెతకాలనిపించదు.

పేరు సంగతి కూడా చెప్తా. సెర్బుల్లో ఎక్కువమంది ఆర్థడాక్స్ క్రైస్తవులు. ఇక కెల్ట్స్ అంటే ఐరిష్ వాళ్ళ మూలాలు చెప్పేటప్పుడు వినిపించే పాత యూరప్ తెగలు, ఇప్పటి బెల్‌గ్రేడ్ ఉన్నచోట క్రీస్తుపూర్వం 3వ శతాబ్దంలో సింగిడునం అనే ఊరు కట్టుకుంది స్కోర్డిస్కీ అనే కెల్టిక్ తెగవాళ్ళే.

ఇంకో విషయం, ఈ రాకపోకలు ఒకవైపే జరగలేదు. ఈరోజు ఐరిష్ సంగీతంలో మామూలైపోయిన బుజూకీ అసలు గ్రీసు తీగల వాయిద్యం, దాన్ని 1960ల మధ్యలో ఐరిష్ పాటల్లోకి తెచ్చింది జానీ మోయ్‌నిహాన్. ఐరిష్ గాయకుడు ఆండీ అర్వైన్ 1960ల చివర్లో బాల్కన్ దేశాల్లో (సెర్బియా, బల్గేరియా ఉన్న ప్రాంతం) తిరిగి అక్కడి లయలు నేర్చుకొచ్చి తర్వాత ప్లాంక్స్‌టీ బ్యాండ్‌లో వాయించాడు, 1992లో డేవీ స్పిలేన్‌తో కలిసి బల్గేరియా, మాసిడోనియా సంగీతంతో ఒక ఆల్బమే చేశాడు. ఐర్లండ్ వాళ్ళు బాల్కన్ బాణీలు వాయిస్తే ప్రయోగం అని మెచ్చుకుని, బాల్కన్ వాళ్ళు ఐరిష్ పాడితే కాపీ అంటే ఎలాగండీ.

ప్రశ్న: జిగ్, రీల్ అంటుంటారు కదా, తేడా ఎలా పట్టుకోవాలి? నాకు సంగీతం రాదు.
– ఓ పాఠకుడు, ఖమ్మం

జవాబు: రాకపోయినా పర్లేదు, రెండూ ఐరిష్ డాన్స్ బాణీలే, నోటితో అనుకోండి చాలు. పాటతో పాటు తకిట తకిట అని హాయిగా సాగిపోతే జిగ్, తకధిమి తకధిమి అని పరిగెడితే రీల్. బల్గేరియా డాన్స్ రచెనిత్సా అయితే 7 లెక్క, తక తక తకిట అని వస్తుంది, మొదట్లో కాలు తడబడుద్ది కానీ అలవాటైతే వదలబుద్ధి కాదు. వెనకాల గుమ్ముమని మోగేది బౌరాన్, మేకతోలు బిగించిన చట్రం, మన డప్పు లాంటిదే, కాకపోతే దాన్ని ఒకటే పుల్లతో వాయిస్తారు.

ప్రశ్న: ఆర్థడాక్స్ కెల్ట్స్‌ని ఎక్కడ్నుంచి వినమంటారు?
– ఇంకో పాఠకుడు, బెంగళూరు

జవాబు: 1994 ఆల్బమ్ నుంచే, ఎందుకంటే అందులో పాత పాట, రాక్ బ్యాండ్ ఎదురెదురుగా ఉంటాయి. ముందు ఒక పాటని డబ్లినర్స్ గొంతులో వినండి, వెంటనే వీళ్ళది పెట్టండి, వయొలిన్ ఎక్కడ అందుకుంటుందో గమనించండి. తర్వాతి ఆల్బమ్స్‌లో సొంత పాటలు కూడా చేశారు, వాటి కోసం 1999లో వచ్చిన గ్రీన్ రోజెస్ పెట్టుకోండి. లైవ్ రికార్డింగ్ దొరికితే మాత్రం అదే ముందు వినండి, జనం కలిసి పాడితేనే ఈ పాటలకి అందం.