కడియంలో కొన్నది బాంజ్ ఓక్ కాదు

కొన్న మొక్క ఫొటో పంపి, ఇది బాంజ్ (హిమాలయాల్లో పెరిగే ఓక్ చెట్టు) అవునా అని అడిగారు. కాదండీ. మీరు కడియం నర్సరీలో ‘ఓక్’ అని కొన్నది నైనిటాల్‌లో చూసొచ్చిన బాంజ్ కాదు, సిల్వర్ ఓక్. ఆకు వెనక తెల్లగా ఉండేసరికి పొరబడ్డారు, నేనూ ఒకప్పుడు అలాగే పొరబడ్డాను. ఫొటోలో ఆకు ఫెర్నులా చీలికలు చీలికలుగా ఉంది కదా, బాంజ్ ఆకు అలా చీలదు. మామిడాకు కన్నా పొట్టి, అంచున రంపపు పళ్లు, పైన ముదురాకుపచ్చ. వెనక్కి తిప్పి వేలితో రాస్తే తెల్లని నూగు మెత్తగా తగులుతుంది. కాయ బుల్లి గిన్నెలో కూర్చున్నట్టుంటుంది, అది పండటానికి ఏడాది దాటుతుంది. సిల్వర్ ఓక్‌ది ఆస్ట్రేలియా. పేరే తప్ప ఓక్‌తో చుట్టరికం లేదు.

పోనీ బాంజ్ గింజలే తెప్పించి వేద్దామంటారా? ధాన్యంలా ఎండబెట్టారో, చచ్చాయన్నమాటే. తడి ఇసుకలో దాచాలి. మొలిచినా అది ఎత్తైన కొండల చలిలో పెరిగే చెట్టు, మన రావులపాలెం మే నెల వేడికి ఓర్చుకోవడం కష్టం. నన్నడిగితే ఆ మోజు వదిలేయండి.

ఉన్న సిల్వర్ ఓక్‌ని మాత్రం కాలవ పక్క పల్లంలో పెట్టకండి, మెరక చూసి నాటండి. మొదలు దగ్గర నీరు నిలిస్తే వేరు కుళ్లుతుంది.